ఎఫెసువారు ఎవరి పుస్తకాలు కాల్చారు?



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఒక సహోదరుడు వేపచెట్టు కింద నన్ను ఆపి, "అయ్యగారూ, చేతబడి నిజంగా ఉందంటారా?" అని అడిగాడు. వాళ్ళ గేదె పాలు ఇవ్వడం మానేసిందట. పిల్లకు నెల రోజులుగా జ్వరం వచ్చి పోతోందట. వీధి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ మీద ఇంట్లోవాళ్ళకు అనుమానమట. నిలబడి రెండు మాటల్లో చెప్పేది కాదు, రాసి పెడతానన్నాను. అందుకే ఈ వ్యాసం.

ముందు మాట ఎక్కడిదో చూద్దాం. మేజిక్ అనే మాటకు పుట్టిల్లు పారసీక దేశం. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, మాదీయుల ఆరు తెగలలో 'మాగి' ఒకటని రాశాడు. వారు లేకుండా పారసీకులు బలి అర్పించరనీ, రాజుల కలలకు వారే భావం చెబుతారనీ రాశాడు. అంటే వారు ఆ దేశపు యాజకులు. ఆ శతాబ్దంలోనే పారసీక సైన్యాలు గ్రీసు మీదికి దండెత్తాయి. శత్రుదేశపు యాజకుడు చేసే క్రియ గ్రీకుల కంటికి వింతగా, మోసంగా కనబడింది. అలా 'మాగోస్' అనే మాటకు గారడీవాడు అనే అర్థం కూడా అంటుకుంది. దాని నుండి పుట్టిన మాటే లాటిన్ మీదుగా మన దాకా వచ్చింది.

మీ బైబిలులోనే దీనికి సాక్ష్యముంది. మత్తయి 2వ అధ్యాయంలో బాలయేసును చూడవచ్చిన తూర్పుదేశపు వారిని మన తెలుగు బైబిలు జ్ఞానులు అంటుంది. అపొస్తలుల కార్యములు 13లో పౌలును ఎదిరించిన బర్ యేసును గారడీవాడు అంటుంది. గ్రీకులో ఇద్దరికీ ఉన్నది ఒకే మాట. ఒకరు కానుకలు తెచ్చి సాగిలపడ్డారు, మరొకడు అధిపతిని విశ్వాసం నుండి తప్పించాలని చూశాడు. పేరు ఒకటే అయినా హృదయాలు వేరు. ఎవరికైనా పేరు పెట్టేముందు ఇది గుర్తుంచుకోవాలి.

మరి ఆ విద్య ఎక్కడ నుండి వచ్చింది? 1వ శతాబ్దపు రోమా రచయిత ప్లినీ విగ్రహారాధికుడే అయినా ఒక మంచి సంగతి గమనించాడు. అది మొదట వైద్యం వేషంలో వచ్చిందనీ, తర్వాత మతాన్నీ, ఆ తర్వాత జ్యోతిష్యాన్నీ కలుపుకొని బలపడిందనీ ఆయన చెప్పాడు. రోగం, దేవుని భయం, రేపు ఏమవుతుందోనన్న దిగులు. మనిషి ఎక్కడ మెత్తగా ఉంటాడో అక్కడే అది వేరు పట్టింది.

ఇంగ్లాండులోని బాత్ పట్టణంలో రోమీయుల కాలపు వేడినీటి బుగ్గ ఉంది. అందులో సుమారు 130 శాపపు రేకులు దొరికాయి. పలుచని రేకుల మీద గీసి, చుట్టి నీళ్ళలో వేశారు. ఎక్కువ వాటిలో ఉన్నది దొంగతనాల గోడే. నా పైబట్ట పోయింది, నా చేతితొడుగులు పోయాయి, ఎత్తుకుపోయినవాణ్ణి శిక్షించమని దేవతకు మొర. చదివితే భయం కంటే జాలి కలుగుతుంది. న్యాయం చేసేవాడు దొరకని బీదవాని కడుపుమంట అది.

కాబట్టి మంత్రవిద్య అంటే నాకు అర్థమైనది ఇది: మాట సరిగా పలికి, వెల సరిగా చెల్లిస్తే కనబడని శక్తి మన పని చేసి తీరాలి అనే నమ్మకం. ప్రార్థన అలాంటిది కాదు. ప్రార్థించేవాడు తండ్రిని అడుగుతాడు, ఆయన కాదన్నా ఆయన బిడ్డగానే ఉంటాడు. స్కెవ కుమారులు యేసు నామాన్ని మంత్రంలా వాడబోయి గాయాలతో పారిపోయారు. తైలం సీసాను తాయెత్తులా ఇంటికి కట్టుకునే మనవాళ్ళు కూడా ఈ సంగతి ఆలోచించాలి.

ఆ సంఘటన తర్వాతే ఎఫెసులో విశ్వాసులు తమ మంత్రపుస్తకాలు తెచ్చి అందరి ముందు కాల్చారు. వాటి వెల 50,000 వెండి నాణేలు. ఒక వెండి నాణెం దాదాపు ఒక రోజు కూలి. ఒక్క రోజు కూడా మానకుండా కష్టపడినా ఒక కూలివానికి 137 ఏళ్ళు పట్టే సొమ్ము. అమ్ముకోవచ్చు గాని అమ్మలేదు. ఇంకొకటి గమనించండి: వారు తమ పుస్తకాలనే కాల్చారు. పొరుగువాని ఇంటి మీదికి ఎవరూ పోలేదు.

తర్వాతి కాలపు క్రైస్తవులు ఈ మాట మరచిపోయారు. 15 నుండి 18వ శతాబ్దం వరకు ఐరోపాలో మంత్రగత్తెలన్న నింద మీద చంపబడినవారు 40,000 నుండి 60,000 మంది ఉంటారని చరిత్రకారుల అంచనా. వారిలో ఎక్కువమంది స్త్రీలు. అమెరికాలోని సేలంలో 1692లో 19 మందిని ఉరితీశారు, 80 ఏళ్ళు దాటిన ఒక ముసలాయనను రాళ్ళ బరువు కింద నలిపి చంపారు. ఫలానా ఆమె రూపం నాకు కనబడి బాధించింది అన్న మాటను కోర్టు సాక్ష్యంగా తీసుకుంది. తీర్పు చెప్పినవారూ, నింద వేసినవారూ ఆదివారం గుడికి వెళ్ళేవారే. న్యాయాధిపతులలో ఒకడైన శామ్యూల్ సూయల్ 1697లో బోస్టన్ సంఘంలో లేచి నిలబడ్డాడు. అతని తప్పు ఒప్పుకోలును పాస్టరు అందరి ముందు చదివాడు. అయితే చనిపోయినవారు తిరిగి రాలేదు.

మన దగ్గర చేతబడి, బాణామతి, చిల్లంగి అనే పేర్లతో ఇదే జరుగుతోంది. కొట్టారని, పళ్ళు పీకారని, చంపారని పేపర్లలో చదువుతూనే ఉన్నాం.

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం ఒక ఇంటివారు "ఎవరో చేశారయ్యగారూ" అంటే, నేను ఏమీ అడగకుండా, ఆ చేసినవారి చేతులు కట్టివేయమని గట్టిగా ప్రార్థించాను. మర్నాటి నుండి వారు పక్కింటి విధవరాలిని బోరింగు దగ్గరకు రానివ్వలేదు. ఆమె మీద నా ప్రార్థనే సాక్ష్యమైంది. నాకు ఆ సంగతి తెలిసేసరికి ఆమె ఊరు వదిలి కూతురి దగ్గరకు వెళ్ళిపోయింది. ఆమెకు క్షమాపణ చెప్పే అవకాశం నాకు రాలేదు.

అందుకే ఆ సహోదరునికి చెబుతున్నాను. అపవాది లేడని నేను అనను. కానీ క్రీస్తునందున్నవానికి ఆ భయం అక్కర్లేదు. పిల్లను రేపే ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించు. గేదెను పశువుల డాక్టరుకు చూపించు. సాయంత్రం నేను వస్తాను, ఇద్దరం కలిసి ఆ అవ్వ ఇంటికి వెళ్దాం. నువ్వు పొయ్యిలో వేయవలసింది ఏదైనా ఉంటే, అది నీ ఇంట్లో ఉన్న అనుమానమే.

ప్రభువు మన ఊళ్ళను భయము నుండి విడిపించును గాక. ఆమేన్.