మిరపపొడి నుంచి మహజరు దాకా

మా తాత ఊరి మణియకారర్. ఆంధ్రలో గ్రామ మునసబు అంటారే, అదే ఉద్యోగం. శిస్తు వసూలు ఆయనదే, చిల్లర దొంగ దొరికితే మొదటి విచారణా ఆయనదే. కోయంబత్తూరు దగ్గర సూలూరు చుట్టుపక్కల నాయుళ్ల ఇళ్లలో ఈ పని తండ్రి తర్వాత కొడుక్కి వచ్చేది. ఆ విచారణ అధికారానికి చట్టబలం ఇచ్చింది 1816 నాటి మద్రాసు రెగ్యులేషను. తిట్లకో చిన్న కొట్లాటకో ఊరి పెద్ద ఎవరినైనా కొన్ని గంటలు చావడిలో నిర్బంధించవచ్చు. కింది కులంవాడైతే బొండకొయ్యలో కాళ్లు బిగించవచ్చు. కాగితం మీదే అంత తేడా రాసుకున్నారు! ఆ చట్టమే తహశీల్దారును తాలూకా పోలీసుకు పెద్దను చేసింది. శిస్తు బాకీ రాబట్టేదీ, దొంగతనం ఒప్పించేదీ ఒకే కచేరీ. ఒకదానికి పనికొచ్చిన పద్ధతి రెండోదానికి మాత్రం ఎందుకు పనికిరాదు?

ఆ పద్ధతులు ఎలాంటివో ప్రపంచానికి చూపించినవాడు మద్రాసు తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి. 1844లో ‘క్రెసెంట్’ పత్రిక పెట్టాడు, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమర్ ఇక్కడికి వచ్చినప్పుడు దగ్గరుండి పల్లెల్లో తిప్పి, దెబ్బలు తిన్న రైతులను కళ్లారా చూపించాడు. 1854లో లండన్ సభలో గొడవ లేచింది. ఇలియట్, స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ అనే ముగ్గురితో కమిషన్ వేశారు. మూడు నెలల గడువులో 519 మంది స్వయంగా వచ్చి చెప్పుకున్నారు, 1,440 మంది ఉత్తరాలు రాశారు. బండి బాడుగకు డబ్బుల్లేని కాలంలో, తమను కొట్టినవాడు ఇంకా అదే కచేరీలో కూర్చుని ఉండగా, ఇంతమంది కదిలారు.

1855 నివేదికలో ఎక్కువగా కనబడేవి రెండు. ఒకటి కిట్టి: రెండు కర్రల మధ్య వేళ్లో చెవులో పెట్టి అదిమేది. రెండోది మా అరవనాట అణ్ణాందాళ్: మెడకూ కాలి వేలికీ తాడు కట్టి, మనిషిని ముందుకు వంచి, వీపు మీద రాయి పెట్టి ఎండలో నిలబెట్టేది. వీటికి తోడు కళ్లలో మిరపపొడి. ఇంతా రాసి, దొరలకు ఇందులో పాపం లేదని, తప్పంతా నల్ల ఉద్యోగులదేనని కమిషన్ తేల్చింది. వాళ్ల జీతం ఎవరిచ్చారో, ఏ లెక్క ప్రకారం శిస్తు తెమ్మన్నారో అడగలేదు.

అయినా ఫలితం లేకపోలేదు. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి తహశీల్దారు చేతిలోంచి పోలీసును తీసేసింది. 1860 శిక్షాస్మృతి 330వ సెక్షన్, ఒప్పించడానికి కొట్టినవాడికి ఏడేళ్ల దాకా జైలు అంది. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని 1861లో రాసి, 1872 సాక్ష్యాధారాల చట్టంలో 25వ సెక్షన్‌గా స్థిరపరిచారు. ఆ చట్టం రాసిన స్టీఫెన్‌కు ఒక అనుభవజ్ఞుడైన అధికారి కారణం చెప్పాడట: ఎండలో పడి సాక్ష్యం వెతకడం కన్నా నీడన కూర్చుని ఎవడి కళ్లలోనో కారం రుద్దడం సుఖం. నలభై ఏళ్లుగా వకీలుగా కోర్టుకు వెళుతున్నాను, పోలీసు దర్యాప్తు గురించి ఇంతకన్నా సూటిగా చెప్పినవాణ్ణి చూడలేదు. కొట్టేవాడు రాక్షసుడై కొట్టడు, బద్ధకంతో కొడతాడు.

ఆ చట్టం కాపలా కాసేది కోర్టు వాకిలి ఒక్కటే. కేసు కోర్టుకే రాకపోతే కాపలాకు పనే లేదు. 1942 ఆగస్టు 26 రాత్రి మా సూలూరు విమాన స్థావరాన్ని క్విట్ ఇండియా ఉద్యమకారులు తగలబెట్టారు. షెడ్లూ లారీలూ కాలిపోయాయి. ఆ తర్వాత పోలీసులు ఊళ్ల మీద పడ్డారు. మొగవాళ్లంతా రాత్రుళ్లు జొన్నచేలలో పడుకునేవారని మా అవ్వ చెప్పేది. 25వ సెక్షన్ పుట్టి అప్పటికి 70 ఏళ్లు. ఏం లాభం? భారత రక్షణ నిబంధనల కింద విచారణే లేకుండా లోపల పెట్టవచ్చు. ఒప్పుకోలు ఎవరికి చూపించాలి గనక?

ఆ సాక్ష్యాధారాల చట్టం లోపల కూడా ఒక కన్నం ఉంచారు, 27వ సెక్షన్. నిందితుడు చెప్పినదాన్ని బట్టి వస్తువు దొరికితే, ఆ మేరకు మాట చెల్లుతుంది. ఈ కన్నం ఎంత వెడల్పో తేల్చింది తెలుగునాటి కేసే. గుంటూరు జిల్లా పులుకూరి కోటయ్య కేసు 1946లో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ఈటె తన ఊళ్లో ఒక దొడ్లో దాచానని నిందితుడు చెప్పాడు, దొరికింది. అందుకని, దాంతో పొడిచానన్న మాట కూడా చెల్లాలని సర్కారు వాదన. కుదరదంది కౌన్సిల్. దాచిన చోటు అతనికి తెలుసన్నంతవరకే తీసుకోవాలి. వస్తువు దొరకడమే షరతయితే, ఆ మాట చెప్పించడం పోలీసులకు ఏమంత కష్టం కాదని జడ్జీలు చురక కూడా వేశారు.

మా దగ్గర ఈ ఒప్పుకోలు కాగితం ఎలా ఉంటుందో చెబుతాను. మగ్గాల షెడ్డులో మోటారు పోయిందనుకోండి. ఛార్జిషీటులో నిందితుడి వాంగ్మూలం నాలుగు పేజీలుంటుంది. పుట్టిన ఊరు, తాగుడు, అప్పు, దొంగతనం అన్నీ అరవంలో వరసగా. చివర ఒక వాక్యం: నన్ను పిలుచుకుని పోతే చోటు చూపించి తీసిస్తాను. కోర్టులో మార్కయ్యేది ఆ వాక్యం ఒక్కటే. ఏ స్టేషను నుంచి వచ్చినా, బడి మానేసినవాడు చెప్పినా బి.కాం. చదివినవాడు చెప్పినా, కామా కూడా మారదు. వస్తువు పట్టుకున్నప్పుడు రాసే మహజరు కింద ఇద్దరు సాక్షుల సంతకాలు. ఒకరు తరచుగా గ్రామ పరిపాలనాధికారి, అంటే వి.ఏ.ఓ.

ఈ వి.ఏ.ఓ. కథ తమిళనాడు ప్రత్యేకం. దర్యాప్తు మొదలయ్యాక గ్రామ మునసబు నిందితుడి మాట రాయనే కూడదని మద్రాసు క్రిమినల్ రూల్స్ 72వ నిబంధన గట్టిగా చెప్పింది. మా తాత లాంటివాళ్లు పోలీసులకు ఎంత దగ్గరో రాసినవాళ్లకు తెలుసు. 1980లో ఎం.జి.ఆర్. ప్రభుత్వం ఆర్డినెన్సుతో ఆ పాత గ్రామోద్యోగాలు ఎత్తేసి వి.ఏ.ఓ.లను తెచ్చింది. నిబంధన పాతవాళ్లకే గాని వీళ్లకు కాదని తర్వాత సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకేం! హంతకుడికి పశ్చాత్తాపం కలిగినప్పుడల్లా, ఎన్నడూ ముఖం చూడని వి.ఏ.ఓ. ఆఫీసు వెతుక్కుంటూ వెళ్లి అంతా చెప్పుకుంటాడు. నా కక్షిదారులలో ఒక్కడైనా ఆ ఆఫీసుకు తనంతట తాను వెళ్లింది కులం సర్టిఫికెట్ కోసమే.

రాజ్యాంగం 20(3) మౌనంగా ఉండే హక్కు ఇచ్చింది. 22వ అధికరణం 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టమంది. 1978లో ఆ మౌనాన్ని ఠాణాలోని ప్రశ్నలకూ వర్తింపజేసిన నందినీ శతపథి కేసు, 1996లో అరెస్టుకు నియమాలు పెట్టిన డి.కె. బసు కేసు, 2010లో నార్కో పరీక్షలు బలవంతంగా చేయరాదన్న సెల్వి కేసు, అన్నీ మంచి తీర్పులే. 2024 జులై నుంచి అమలైన కొత్త సాక్ష్య చట్టంలో 25, 26, 27 మూడూ కలిసి 23వ సెక్షన్ అయ్యాయి. కన్నం కూడా జాగ్రత్తగా కొత్త ఇంటికి చేరింది.

2020 జూన్‌లో తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో జయరాజ్, బెన్నిక్స్ అనే తండ్రీకొడుకులను పోలీసులు పట్టుకున్నారు. ఇద్దరూ కస్టడీలో చనిపోయారు. విచారణకు వెళ్లిన మేజిస్ట్రేటుకు ఆ స్టేషనులోనే ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ జరిగింది చెప్పింది, భయపడుతూనే సంతకం పెట్టింది. కెమెరాలున్నా ఏ రోజు రికార్డు ఆ రోజే చెరిగిపోయేలా అమర్చి ఉంది. సాక్ష్యాలు మాయం కాకుండా ఆ ఠాణాను రెవెన్యూ అధికారుల అధీనంలో పెట్టమని మద్రాసు హైకోర్టు మధురై బెంచి కలెక్టరును ఆదేశించింది. 1859లో తహశీల్దారు చేతిలోంచి లాఠీ లాక్కున్న చోటే, లాఠీలకు కాపలాగా తహశీల్దారు ఆఫీసువాళ్లను పంపవలసి వచ్చింది.

ఆ ఏడు డిసెంబరు 2న ప్రతి స్టేషనులో మాట కూడా వినబడే కెమెరాలు పెట్టి, రికార్డును 18 నెలలు దాచమని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే జూనియర్లకు చెబుతుంటాను: బెయిలు సంగతి తర్వాత, అరెస్టయిన మర్నాడే ఆ రికార్డు కోసం అర్జీ పడేయండి. ఆలస్యమైతే, కెమెరా సరిగ్గా ఆ రాత్రే పాడైందని జవాబు వస్తుంది.