బడిలో సముద్రం నిలవాలంటే

ఉప్పునీటి అక్వేరియం అంటే సముద్ర జీవులను వాటి నీటితో సహా గాజు తొట్టిలో బతికించే ఏర్పాటు. సముద్రం తన మురికిని తానే కడుక్కుంటుంది. తొట్టిలో ఆ పని మనిషి చేయాలి. అది ఎంత చేయాలో, ఎప్పుడు చేయాలో తేలడానికి నూరేళ్లకు పైనే పట్టింది. ఆ పాఠాలు ఎక్కువగా నేర్చుకున్నది తీరానికి దూరంగా ఉన్న నగరాలే. నల్లగొండ జిల్లా హాలియా లాంటి ఊళ్లో బడికి ఒక ఉప్పునీటి తొట్టి పెట్టాలనుకుంటే అక్కరకొచ్చేది ఆ చరిత్రే. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, వరి పొలాల నడుమ ఉన్న హాలియాకు కృష్ణ నీళ్లు దగ్గర, సముద్రం దూరం. బాపట్ల తీరానికి చేరాలన్నా నూటయాభై కిలోమీటర్లకు పైబడి ప్రయాణించాలి.

కిటికీ పక్కన కుండ

సముద్ర జీవులను పరిశీలన కోసం గాజు తొట్లలో పెంచిన తొలి శాస్త్రవేత్తగా జాన్ విల్‌ప్రూ పవర్ పేరు చెబుతారు. ఫ్రాన్స్‌లో పుట్టిన ఆమె 1832లో సిసిలీ దీవిలోని మెస్సీనాలో తొట్లు చేయించి, ఆర్గొనాట్ అనే ఆక్టోపస్ జాతి జీవి తన గుల్లను తానే కట్టుకుంటుందని తేల్చింది. ఆమె ఇంటి పక్కనే సముద్రం ఉంది. నీళ్లకు కొదవ లేదు.

తీరానికి దూరంగా ఉండే కష్టం మొదట పడింది లండన్‌కు చెందిన అన్నా థిన్. ఆమె 1846లో టార్కీ తీరం నుంచి పగడపు జీవులను కుండలో పెట్టి లండన్‌కు తెచ్చింది. తెచ్చిన నీళ్లు కొద్దిరోజుల్లో పాడైపోతాయి. ప్రతిసారీ కొత్త నీళ్లు తెప్పించడం కుదరదు. అందుకని పనిమనిషి రోజూ అరగంట, ముప్పావుగంట పాటు తెరిచిన కిటికీ పక్కన నిలబడి, ఆ నీటిని ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి ఎత్తి పోసేది. మరుసటి ఏడాది సముద్రపు నాచు మొక్కలు కూడా వేశాక ఆ శ్రమ కొంత తగ్గింది. నేడు ఎయిర్ పంపు చేసే పనిని అప్పుడు చేసింది పేరు కూడా మిగలని ఆ పనిమనిషి.

1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో తొలి ప్రజా అక్వేరియం తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ కృత్రిమ సముద్రపు నీటి తయారీని ప్రకటించాడు. మామూలు ఉప్పు, ఎప్సమ్ సాల్ట్, మెగ్నీషియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్‌లను లెక్క ప్రకారం మంచినీటిలో కలిపితే చిన్న జీవులు బతుకుతాయని చూపించాడు. సముద్రాన్ని మోసుకురాకుండా ఊళ్లోనే తయారుచేసుకోవచ్చన్న ఆలోచనకు బలం అక్కడ వచ్చింది.

ఆ తర్వాత కూడా నీళ్లు మోసుకొచ్చినవారు లేకపోలేదు. 1930లో తెరిచిన చికాగో షెడ్ అక్వేరియం కోసం ఫ్లోరిడాలోని కీ వెస్ట్ నుంచి రైలు ట్యాంకర్లలో సుమారు పది లక్షల గ్యాలన్ల సముద్రపు నీరు తెప్పించారు. అంత ఖర్చు బడులకు తగదు. 1960ల నుంచి ప్యాకెట్లలో అమ్ముడవుతున్న తయారీ సముద్రపు ఉప్పు ఆ బెడద తీర్చింది.

మెరీనా నుంచి విశాఖ దాకా

తెలుగువారికి ఈ విద్య మొదట కనిపించింది మద్రాసులో. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంట్‌గా పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్ చొరవతో మెరీనా తీరంలో కట్టిన సముద్ర అక్వేరియం 1909లో ప్రజలకు తెరుచుకుంది. మనదేశంలో అలాంటిది అదే మొదటిది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధాని పాలనలో ఉండేవి. హాలియా ఉన్న నల్లగొండ సీమ నిజాం రాజ్యంలో ఉండేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో మెరీనా అక్వేరియం మూతపడింది. 1951లో బొంబాయి మెరైన్ డ్రైవ్‌లో తారాపోరేవాలా అక్వేరియం వచ్చింది. విశాఖ బీచ్ రోడ్డులోని మత్స్యదర్శిని ఈ వరుసలో తెలుగు నేలకు దక్కింది. ఇవన్నీ సముద్రాన్ని ఆనుకుని ఉన్నవే.

ఇరవై రోజుల మౌనం

చాలా తొట్లలో చేపలు మొదటి నెలలోనే చచ్చిపోయేవి. దానికి కారణం అక్వేరియం ప్రేమికులకన్నా ముందు మురుగునీటి పరిశోధకులకు దొరికింది. 1877లో ఫ్రాన్స్‌లో ష్లోజింగ్, మ్యుంట్జ్ అనే శాస్త్రవేత్తలు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టంలోంచి మురుగునీటిని మెల్లగా పారించారు. సుమారు ఇరవై రోజుల దాకా లోపలికి వెళ్లిన అమ్మోనియా అలాగే బయటికి వచ్చింది. తర్వాత అది నైట్రేట్‌గా మారడం మొదలైంది. క్లోరోఫాం ఆవిరి తగిలించగానే ఆ మార్పు ఆగిపోయింది. అంటే ఆ పని చేస్తున్నది జీవులేనని తేలింది. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ ఆ బ్యాక్టీరియాను విడదీసి చూపాడు.

కొత్త అక్వేరియంలో జరిగేదీ ఇదే. చేపల విసర్జన, మిగిలిపోయిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం, మూడోది తక్కువ ప్రమాదకరం. ఈ బ్యాక్టీరియా ఇసుకలో, ఫిల్టర్‌లో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఉప్పునీటిలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. పీహెచ్ 7 దగ్గర ఉన్నప్పటికన్నా 8.2 దగ్గర అమ్మోనియా విషరూపం పదిరెట్లకు పైగా ఉంటుంది. పైగా ఉప్పునీటిలో ఆక్సిజన్ మంచినీటిలో కన్నా తక్కువ కరుగుతుంది. అందువల్ల ఆవిష్కరణ సభ రోజునే తొట్టి నిండా చేపలు వదలడమంటే వాటికి చావు రాసిపెట్టడమే.

హాలియా నీళ్లు, హాలియా ఎండ

నల్లగొండ జిల్లాలో నీటి సంగతి మాట్లాడితే ఫ్లోరైడ్ మాట రాక తప్పదు. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరే స్థిరపడింది. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ దాన్ని రూపొందించింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. సముద్రపు నీటిలో సహజంగానే 1.3 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. సముద్రపు ఉప్పును బోరు నీళ్లలో కలిపితే ఆ నీటిలోని లవణాలన్నీ లెక్క తప్పించి పైన చేరతాయి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది చేప మొప్పలనూ, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియానూ దెబ్బతీస్తుంది. వీటన్నిటికీ తేలికైన విరుగుడు వీధి చివరి వాటర్ ప్లాంటులో అమ్మే ఇరవై లీటర్ల ఆర్‌ఓ నీళ్ల క్యానే.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అంటే 200 లీటర్ల తొట్టికి ఏడు కిలోల సముద్రపు ఉప్పు కావాలి. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రపు లవణాల్లో సుమారు 85 శాతం సోడియం, క్లోరైడ్‌లే అయినా, మిగిలిన మెగ్నీషియం, కాల్షియం, సల్ఫేట్, పొటాషియం లేకపోతే జీవులు నిలవవు. ఉప్పును తొట్టిలో నేరుగా పోయకూడదు. వేరే బకెట్‌లో కలిపి, ఒక రోజంతా పంపు తిప్పి, సెలినిటీ (ఉప్పదనం) చూసుకున్నాకే పోయాలి. సెలినిటీ చూసే రిఫ్రాక్టోమీటరు, అమ్మోనియా కిట్లు భీమవరం, నెల్లూరు ఆక్వా దుకాణాల్లో దొరుకుతాయి. రొయ్యల రైతులు రోజూ వాడే పరికరాలే అవి.

ఇక్కడి ఎండ మరో పరీక్ష. ఉష్ణమండల సముద్ర చేపలకు 25 నుంచి 27 డిగ్రీల నీరు అనుకూలం. వేసవిలో నల్లగొండ జిల్లాలో పగటి ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. నీటి పైభాగానికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే నీరు ఆవిరై కొంత చల్లబడుతుంది. కాని ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే మిగులుతుంది. 200 లీటర్లలో ఇరవై లీటర్లు తగ్గితే, లీటరుకు 35 గ్రాములున్న లవణం 39 గ్రాములకు చేరుతుంది. తొట్టి అద్దం మీద నీటిమట్టం గీత గీసి, తగ్గినంత ఉప్పులేని ఆర్‌ఓ నీళ్లనే రోజూ పోయాలి. ఈ చిన్న పనిని మరచిపోవడం వల్ల పాడయ్యే తొట్లు చాలానే ఉంటాయి.

రోజువారీ పద్దు

తొట్టిని కిటికీ ఎండకు దూరంగా, నేల మీద గట్టి ఇనుప స్టాండుపై ఉంచాలి. నీరు, ఇసుక, గాజు కలిస్తే పావు టన్నుకు పైబడే బరువు. పొద్దున ఉష్ణోగ్రత, నీటిమట్టం, చేపల లెక్క చూడాలి. మేత రెండు నిమిషాల్లో తినగలిగినంతే, అదీ ఒక్కరి చేత్తోనే వేయించాలి. పిల్లలందరూ తలా చిటికెడు వేస్తే అమ్మోనియా పెరుగుతుంది. వారానికొకసారి అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ పరీక్షించి గోడ మీది పట్టికలో రాయాలి. మొదటి రెండూ సున్నా ఉండాలి, పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య ఉండాలి. రెండు వారాలకు ఒకసారి ఇరవై లీటర్లు తీసేసి, ఒక క్యాను ఆర్‌ఓ నీళ్లలో 700 గ్రాముల ఉప్పు కలిపి పోయాలి. ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద కడగకూడదు, తీసేసిన తొట్టి నీటిలోనే పిండాలి. కొత్త చేపను నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచితే తెల్లమచ్చల జబ్బు పెద్ద తొట్టికి సోకే ముప్పు తగ్గుతుంది. ఆ జబ్బుకు వాడే రాగి మందు నత్తలనూ, రొయ్యలనూ చంపుతుంది కాబట్టి దాన్ని వేరే తొట్టిలోనే వాడాలి. కరెంటు పోతే గాలి ఆగకుండా బ్యాటరీ ఎయిర్ పంపు తప్పనిసరి.

ఏ జీవులను పెట్టాలన్నది చట్టం కూడా చెబుతుంది. పగడాలు, సముద్రపు గుర్రాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి. వాటిని కొనడం, ఉంచుకోవడం నేరం. పగడపు రాళ్లకు బదులు సిరామిక్ ముక్కలు బ్యాక్టీరియాకు చాలు. చేపల్లో క్లౌన్ చేప బడికి తగినది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దాన్ని హ్యాచరీలో గుడ్ల దశ నుంచి పెంచే విధానం సాధించింది. సముద్రంలో పట్టిన చేప కన్నా అలా పెరిగిన చేప తొట్టికి తొందరగా అలవాటుపడుతుంది. 200 లీటర్లకు రెండు క్లౌన్ చేపలు, రెండు మూడు చిన్న చేపలు మించకూడదు.

ఖర్చు, పరికరాలు ఎలాగో సమకూరుతాయి. బడి తొట్టిని దెబ్బతీసేవి సెలవులు. దసరా, సంక్రాంతి ఎలాగో గడిచినా, ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా బడికి తాళమే. ఏడాదిలో నీరు ఎక్కువ వేడెక్కేది, ఎక్కువ ఆవిరయ్యేది కూడా ఆ రోజుల్లోనే. ఆ ఏడు వారాలు రోజూ వచ్చి చూసే మనిషి పేరు మార్చిలోనే ఖరారు కాని బడి ఉప్పునీటి తొట్టి జోలికి పోకపోవడమే మేలు. అలాంటి బడి సాగర్ నీళ్లతో, ఊరి చెరువు చేపలతో మంచినీటి తొట్టి మొదలుపెట్టి, ఒక ఏడాది పట్టిక తప్పకుండా రాశాక సముద్రం వైపు చూడొచ్చు.