బోధనా రూపకల్పనలో సవరణ చక్రం: దూబచర్ల డైట్ నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పాఠాన్ని ముందుగానే సంపూర్ణంగా తయారుచేసి తరగతికి పంపడం ఒక పద్ధతి. కొంత బోధించి, పిల్లల స్పందనను గమనించి, సవరించి, మళ్ళీ బోధించడం మరొక పద్ధతి. ఈ రెండవ పద్ధతిని నేడు సాఫ్ట్‌వేర్ రంగం నుంచి వచ్చిన ‘ఎజైల్’ అనే పేరుతో వ్యవహరిస్తున్నారు. తెలుగునాట ఉపాధ్యాయ విద్యలో ఈ సవరణ చక్రం అంతకు ముందే ఉందని, సవరించే అధికారం ఎవరి చేతిలో ఉందన్న దానిపైనే దాని ఫలితం ఆధారపడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బోధనా రూపకల్పన, సూక్ష్మబోధన, క్రియాత్మక పరిశోధన, అపెప్, డైట్, రిషివ్యాలీ, ప్రతిపుష్టి.

1. ఉపోద్ఘాతం

నల్లజర్ల మండలంలోని దూబచర్ల గ్రామంలో పూర్వ పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్) ఉంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పాత జిల్లా భూభాగం ఏలూరు, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి జిల్లాల మధ్య విడిపోయింది. నల్లజర్ల తూర్పు గోదావరిలో చేరింది. ఈ సంస్థ సేవలందించిన ప్రాంతం ఏకరూపమైనది కాదు. నల్లజర్ల చుట్టూ ఆయిల్‌పామ్ తోటలున్న మెట్ట. తాడేపల్లిగూడెం దాటితే వరి పండే డెల్టా. ఏలూరుకు దిగువన చేపల చెరువుల కొల్లేరు. బుట్టాయగూడెం, పోలవరం వైపు గిరిజనులు నివసించే ఏజెన్సీ. నాలుగు జీవన విధానాల నడుమ పెరిగిన పిల్లలకు ఒకే పాఠ్యపుస్తకం అందుతుంది. ఆ పుస్తకాన్ని తన తరగతికి తగినట్లు మలచుకొనే పని ఉపాధ్యాయునిదే. ఆ పనికి అతనికి లభించిన పద్ధతులేవి, అవకాశమెంత అన్నదే ఇక్కడి పరిశీలనాంశం.

2. సరళరేఖ, చక్రం

మన శిక్షణ కళాశాలల్లో చిరకాలం ఆదర్శంగా నిలిచిన పాఠ్యపథకం జర్మన్ తత్త్వవేత్త హెర్బార్ట్ (1776–1841) భావాలను ఆయన అనుయాయులు అయిదు సోపానాలుగా క్రమబద్ధం చేసినది. సన్నాహంతో మొదలై అన్వయంతో ముగిసే ఈ పథకం సరళరేఖ వంటిది. చివరి సోపానంలో పిల్లలు తడబడితే తిరిగి ఎక్కడికి రావాలో అది చెప్పదు.

ఈ లోటును రెండు ధోరణులు పూరించాయి. మొదటిది క్రియాత్మక పరిశోధన. 1946లో కర్ట్ లెవిన్ ప్రతిపాదించిన ఈ భావనను స్టీఫెన్ కోరీ 1953లో వెలువడిన గ్రంథంలో పాఠశాలకు అన్వయించారు. ఉపాధ్యాయుడు తన సమస్యను తానే గుర్తించి, ఒక మార్పు చేసి, ఫలితాన్ని చూసి, మళ్ళీ మార్చడం దీని సారం. రెండవది 1963 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ ఆలెన్, ఆయన సహచరులు రూపొందించిన సూక్ష్మబోధన. భారతీయ నమూనాలో దీని చక్రానికి 36 నిమిషాలు పడుతుంది: బోధనకు 6, ప్రతిపుష్టికి 6, పునఃప్రణాళికకు 12, పునర్బోధనకు 6, పునఃప్రతిపుష్టికి 6. అన్నింటికంటె ఎక్కువ సమయాన్ని బోధనకు కాక పునఃప్రణాళికకు కేటాయించడం ఇక్కడ గమనార్హం. సవరణే అసలు పని అన్న గుర్తింపు ఆ విభజనలోనే ఉంది.

సంస్థాగత బోధనా రూపకల్పన మాత్రం వేరొక దారిలో సాగింది. 1975లో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం అమెరికా సైన్యం కోసం రూపొందించిన నమూనా విశ్లేషణ, రూపకల్పన, అభివృద్ధి, అమలు, మూల్యాంకనం అనే దశలుగా ప్రసిద్ధి పొందింది. దశలను వరుసగా ముగించుకుంటూ పోతే, లోపం బయటపడేసరికి మార్చడం కష్టమవుతుంది. సాఫ్ట్‌వేర్ తయారీలోనూ ఇదే ఇబ్బంది ఎదురైంది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో సమావేశమైన 17 మంది నిపుణులు ‘ఎజైల్’ ప్రకటనను వెలువరించారు. చిన్న భాగాలుగా తయారుచేయడం, వాడేవారికి త్వరగా చూపడం, వారి స్పందనను బట్టి మార్చడం దాని సారాంశం. కాలక్రమాన్ని బట్టి చూస్తే, శిక్షణ కళాశాల విద్యార్థికి అప్పటికే పరిచితమైన చక్రమే ఇక్కడ మరో రంగంలో, మరో పేరుతో కనిపిస్తుంది.

3. అపెప్: సూత్రాలు, ఆచరణ

తెలుగునాట ఈ దృష్టిని రాష్ట్రస్థాయికి తీసుకువెళ్ళిన ప్రయత్నం ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. ఉపాధ్యాయుల నోట ఇది ‘అపెప్’. బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో 1980లలో ప్రయోగదశగా కొన్ని జిల్లాల్లో మొదలై, 1989 నుంచి విస్తరించి, 1996 వరకు కొనసాగింది. దీని ఆరు సూత్రాలు ఇవి: ఉపాధ్యాయుడే అభ్యసన కృత్యాలను రూపొందించడం, చేయడం, కనుగొనడం, ప్రయోగించడం ద్వారా నేర్పడం, వ్యక్తిగత, జట్టు, పూర్తి తరగతి పనులను సమన్వయించడం, వైయక్తిక భేదాలను గుర్తించడం, స్థానిక పరిసరాలను వినియోగించడం, పిల్లల పనులను ప్రదర్శించి తరగతిని ఆకర్షణీయం చేయడం.

వీటిలో మొదటి సూత్రమే తక్కినవాటికి మూలం. కృత్యాన్ని రూపొందించినవాడే దాన్ని మార్చగలడు. పై నుంచి వచ్చిన కృత్యాన్ని అమలు చేసేవాడు దాన్ని ‘పూర్తి’ మాత్రమే చేయగలడు. గోడపై ప్రదర్శన, జట్లుగా కూర్చోబెట్టడం కంటికి కనబడేవి, తనిఖీకి అందేవి. నిన్న విఫలమైన కృత్యాన్ని ఈ రోజు ఎలా మార్చారన్నది కంటికి కనబడదు. అందువల్ల ఇటువంటి పథకాల్లో బాహ్యరూపం సులభంగా వ్యాపిస్తుంది; అంతస్సారానికి దీర్ఘకాలిక సహకారం కావాలి.

4. డైట్: సవరణకు ఏర్పడిన సంస్థ

ఆ సహకారం కోసమే 1986 జాతీయ విద్యావిధానం జిల్లాకొక శిక్షణ సంస్థను ప్రతిపాదించింది. 1989లో వెలువడిన మార్గదర్శకాలు డైట్‌కు ఏడు విభాగాలను నిర్దేశించాయి. వాటిలో పాఠ్యప్రణాళిక, సామగ్రి రూపకల్పన, మూల్యాంకనం ఒకే విభాగంలో ఉన్నాయి. సామగ్రిని తయారుచేసేవారే దాని ఫలితాన్నీ చూడాలన్న ఆలోచన ఇందులో స్పష్టం. మరో విభాగం వృత్యంతర శిక్షణను, క్షేత్ర సంబంధాలను, నవీన ప్రయోగాలను కలిపి చూస్తుంది. అంటే శిక్షణ ఇచ్చి ఊరుకోక, అది తరగతిలో ఏమైందో తెలుసుకోవడం కూడా సంస్థ విధుల్లో భాగమే. 1964–66 నాటి కొఠారీ కమిషన్ సూచించిన పాఠశాల సముదాయాలు, అనగా నేటి స్కూల్ కాంప్లెక్సులు, ఈ సమాచారం తిరిగి రావడానికి తగిన వేదికలు.

సవరణ చక్రం తరగతిలో ఎలా పనిచేస్తుందో ఒక లెక్కతో వివరించవచ్చు. 302 నుంచి 158 తీసివేయమంటే ఒక విద్యార్థి 256 అని రాశాడనుకుందాం. సరైన జవాబు 144. మార్కుల పట్టికకు ఇది తప్పు మాత్రమే. పరిశీలించే ఉపాధ్యాయునికి ఇందులో ఒక నియమం కనిపిస్తుంది: ప్రతి స్థానంలోనూ పెద్ద అంకె నుంచి చిన్న అంకెను తీసివేయడం. అదే పద్ధతిలో మరో పది లెక్కలు చేయిస్తే ఆ పొరపాటు మరింత స్థిరపడుతుంది. మరునాడు మూడు వంద నోట్లు, రెండు రూపాయి నాణేలు ఇచ్చి 158 రూపాయలు చెల్లించమంటే చిల్లర మార్చుకోవలసిన అవసరం పిల్లవాడికే తెలుస్తుంది. అప్పటికీ సున్నా దగ్గర తడబడితే, పుల్లల కట్టలతో మూడవ రోజు పాఠం మారుతుంది. నోట్ల లెక్క సంతలో తిరిగే పిల్లలకు దగ్గర కావచ్చు. డెల్టా పిల్లలకు 75 కిలోల ధాన్యం బస్తా, మెట్ట పిల్లలకు ఆయిల్‌పామ్ గెలల తూకం దగ్గర కావచ్చు. ఏది పనిచేస్తుందో ముందుగా నిర్ణయించలేం; తరగతిలో ప్రయత్నించి చూడవలసిందే.

5. రిషివ్యాలీ నమూనా

ఈ పద్ధతి సామగ్రి రూపంలో స్థిరపడిన ఉదాహరణ చిత్తూరు ప్రాంతంలో కనిపిస్తుంది. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ దంపతులు 1980ల చివర నుంచి బహుళ తరగతుల బోధనపై కృషి చేశారు. ఒకే ఉపాధ్యాయుడు పలు తరగతులను చూసే పల్లె బడులే వారి ప్రయోగశాలలు. పాఠ్యాంశాలను చిన్న చిన్న కార్డులుగా విభజించి, మైలురాళ్ళుగా కూర్చి, ‘అభ్యసన నిచ్చెన’గా అమర్చారు. ప్రతి విద్యార్థి తన వేగంతో నిచ్చెన ఎక్కుతాడు. పుస్తకంలో ఒక పాఠం విఫలమైతే మరుముద్రణ వరకు ఆగాలి. కార్డు విఫలమైతే ఆ ఒక్క కార్డును మార్చుకోవచ్చు. సవరణకు అనువైన సామగ్రి అంటే ఇదే.

1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటెలో మొదలైన ‘నలి-కలి’, 2003లో చెన్నై నగరపాలక పాఠశాలల్లో మొదలైన కృత్యాధార అభ్యసనం ఈ నమూనా స్ఫూర్తిని పొందినవే. వేలాది బడులకు విస్తరించేటప్పుడు కార్డులు కేంద్రీకృతంగా ముద్రితమవుతాయి. అప్పుడు కార్డు మళ్ళీ పుస్తకమై, మార్చే వెసులుబాటు తగ్గే ప్రమాదం ఉంది. ఆవృత్త రూపకల్పనకు విస్తరణలో ఎదురయ్యే ప్రధాన సమస్య ఇది.

6. ప్రతిపుష్టి ఎప్పుడు నిష్ఫలమవుతుంది?

కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ కీలకం. విద్యార్థుల స్థాయిపై వివరమైన నివేదికలను ఉపాధ్యాయులకు అందించి, అప్పుడప్పుడు పరిశీలకులు తరగతులను సందర్శించారు. పరిశీలకులు ఉన్నప్పుడు ఆ ఉపాధ్యాయులు ఎక్కువ కృషి చేసినట్లు కనిపించింది. ఏడాది చివరి పరీక్షలలో మాత్రం వారి విద్యార్థులు మెరుగుపడలేదు. పనితీరుకు ప్రోత్సాహకం కూడా ఉన్న పాఠశాలల్లో, నివేదికలు ఉపయోగపడ్డాయని ఉపాధ్యాయులు చెప్పడానికీ పిల్లల మార్కులకూ సంబంధం కనిపించింది. సమాచారం అందినంత మాత్రాన బోధన మారదు. దాన్ని వాడుకోవడానికి కారణం, అవకాశం ఉండాలి.

2009 విద్యాహక్కు చట్టం నిర్దేశించిన నిరంతర సమగ్ర మూల్యాంకనాన్నీ ఈ వెలుగులోనే చూడాలి. మైకేల్ స్క్రివెన్ 1967లో పేరుపెట్టిన నిర్మాణాత్మక మూల్యాంకనం, సాగుతున్న పనిని సవరించడానికి ఉద్దేశించినది. దాని ఫలితం మార్కుల రిజిస్టరులోకి చేరి అక్కడే ఆగిపోతే పేరు నిర్మాణాత్మకం, పని సంగ్రహణాత్మకం అవుతుంది. రాసిన 256ను చూసి మరునాటి పాఠం మారినప్పుడే అది నిర్మాణాత్మకం. సిలబస్ గడువు ఆ మరునాటిని ఇవ్వకపోతే, ఎంత నిపుణుడైన ఉపాధ్యాయుడైనా ముందుకు సాగక తప్పదు. నష్టపోయేది ఆ పిల్లవాడే. మూడవ తరగతిలో స్థిరపడిన పొరపాటుతోనే అతడు భాగహారానికి చేరతాడు.

7. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, ఆవృత్త బోధనా రూపకల్పన తెలుగు ఉపాధ్యాయ విద్యకు కొత్త దిగుమతి కాదు. సూక్ష్మబోధన, క్రియాత్మక పరిశోధన, అపెప్ సూత్రాలు దానికి పూర్వరంగాలు. రెండు, సామగ్రి ఎంత చిన్న భాగాలుగా ఉంటే సవరణ అంత సులభం; రిషివ్యాలీ కార్డులు ఇందుకు నిదర్శనం. మూడు, గమనించేవారు, సవరించేవారు వేర్వేరైనప్పుడు చక్రం తెగిపోతుంది.

మూడు జిల్లాలుగా విడిపోయిన ప్రాంతానికి దూబచర్ల వంటి సంస్థ చేయగల మేలు మరొక నమూనా పాఠ్యపథకాన్ని పంపడం కాదు. మెట్ట, డెల్టా, కొల్లేరు, ఏజెన్సీ బడుల్లో ఒకే పాఠం ఎక్కడ, ఎలా తడబడిందో స్కూల్ కాంప్లెక్సు సమావేశాల ద్వారా సేకరించి, ఉపాధ్యాయులు చేసిన సవరణలను ఒకరివి మరొకరికి చేర్చడం దాని మార్గదర్శకాల్లో ఉన్న పనే. సూక్ష్మబోధన 36 నిమిషాల్లో 12 నిమిషాలను పునఃప్రణాళికకు ఇచ్చింది. బడి కాలపట్టికలో అటువంటి వ్యవధికి చోటు కల్పించడం ఆ పనికి తొలి షరతు.