యాంటీడిప్రెసెంట్లు, కొత్త నాడీకణాలు, హంటింగ్టన్ వ్యాధి

మానసిక కుంగుబాటుకు వాడే మందులు యాంటీడిప్రెసెంట్లు. వీటిలో కొన్నింటిని వారాల తరబడి ఇస్తే, ఎలుకల మెదడులో జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాల పుట్టుక పెరుగుతుంది. నాడీకణాలు క్రమంగా నశించే వ్యాధులకు ఈ గుణం ఉపయోగపడుతుందా అని తేల్చే ప్రయోగాల్లో ముఖ్యమైనవి హంటింగ్టన్ వ్యాధి ఉన్న చిట్టెలుకలపై జరిగాయి.

నేపథ్యం

ఎదిగిన మెదడులో కొత్త నాడీకణాలు పుట్టవన్నది స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ కాలం నుంచీ పాతుకుపోయిన అభిప్రాయం. కణం విభజనకు ముందు డీఎన్‌ఏను తయారుచేసుకుంటూ థైమిడిన్ అనే పదార్థాన్ని తనలో కలుపుకుంటుంది. 1960లలో అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ ఆల్ట్‌మన్ రేడియోధార్మిక థైమిడిన్‌తో ఎలుకల మెదడును పరీక్షించి, అందులో కొత్త కణాలు పుడుతున్నట్టు గమనించారు. గోపాల్ దాస్‌తో కలిసి 1965లో ఆయన ప్రచురించిన ఫలితాలను అప్పట్లో చాలామంది అంగీకరించలేదు. 1998లో పీటర్ ఎరిక్సన్, ఫ్రెడ్ గేజ్ బృందం మనిషి హిప్పోక్యాంపస్‌లోనూ కొత్త నాడీకణాలు కనిపించాయని ప్రకటించాక ఈ రంగం ఊపందుకుంది.

మందులతో ముడి

2000లో యేల్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ డ్యూమన్ బృందం ఎలుకలకు ఫ్లూయాక్సెటిన్ వంటి యాంటీడిప్రెసెంట్లు ఇచ్చి చూసింది. కొత్త కణాల సంఖ్య పెరగడానికి రెండు మూడు వారాలు పట్టింది. రోగుల్లోనూ ఈ మందుల ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి ఈ పోలిక ఆసక్తి రేపింది. 2003లో కొలంబియా విశ్వవిద్యాలయంలో రెనె హెన్ బృందం చిట్టెలుకల హిప్పోక్యాంపస్‌పై ఎక్స్-కిరణాలు ప్రసరింపజేసి కొత్త కణాలు పుట్టకుండా చేసింది. ఆ చిట్టెలుకల ప్రవర్తనపై ఫ్లూయాక్సెటిన్ ప్రభావం చూపలేదు.

హంటింగ్టన్ చిట్టెలుకలు

హంటింగ్టన్ తల్లిదండ్రుల నుంచి సంక్రమించే వ్యాధి. అదుపులేని కదలికలు, కుంగుబాటు, ఆలోచనాశక్తి క్షీణించడం దీని లక్షణాలు. దీనికి కారణమైన జన్యువును 1993లో గుర్తించారు. లోపమున్న ఆ జన్యుభాగాన్ని చేర్చి 1996లో లండన్‌లో గిలియన్ బేట్స్ బృందం ఆర్6 రకం చిట్టెలుకలను రూపొందించింది.

2004లో వెన్‌జెన్ డువాన్, మార్క్ మాట్సన్ తదితరులు మరో రకం హంటింగ్టన్ చిట్టెలుకలకు పరాక్సెటిన్ అనే యాంటీడిప్రెసెంట్ ఇచ్చారు. వ్యాధి ఆలస్యంగా మొదలైంది, ఆయుష్షు పెరిగింది. 2005లో ఆర్6/1 చిట్టెలుకలకు ఫ్లూయాక్సెటిన్ ఇచ్చినప్పుడు, వ్యాధి వల్ల తగ్గిపోయిన కొత్త నాడీకణాల పుట్టుక పుంజుకుంది. జ్ఞాపకశక్తి మెరుగుపడింది, కుంగుబాటును సూచించే ప్రవర్తన తగ్గింది. కానీ కదలికల లోపాలు, బరువు తగ్గడం అలాగే ఉండిపోయాయి. 2008లో సెర్ట్రలిన్ అనే మరో యాంటీడిప్రెసెంట్ ఇచ్చిన ఆర్6/2 చిట్టెలుకల మెదడులో నాడీకణాలను పోషించే బీడీఎన్‌ఎఫ్ ప్రొటీన్ పెరిగింది, అవి ఎక్కువకాలం బతికాయి.

మనుషుల విషయంలో

ఈ ఆశాజనక ఫలితాలు మనుషుల్లో అలాగే పునరావృతం కాలేదు. 2014లో వెలువడిన ఒక చిన్న ట్రయల్‌లో సిటలోప్రామ్ అనే యాంటీడిప్రెసెంట్ వాడిన హంటింగ్టన్ రోగుల ఆలోచనాశక్తి మెరుగుపడలేదు. పెద్దవారి మెదడులో కొత్త నాడీకణాలు పుడతాయా అన్న చర్చ 2018లో మళ్లీ రాజుకుంది. అదే ఏడాది ఒక బృందం అవి దాదాపు కనిపించలేదనగా, మరో బృందం వృద్ధాప్యంలోనూ ఉన్నాయని చెప్పింది. హంటింగ్టన్ రోగుల కుంగుబాటుకు వైద్యులు ఈ మందులను రాస్తారు. వ్యాధి ముదరకుండా ఇవి ఆపుతాయని మాత్రం నిరూపణ కాలేదు.