బొగ్గుట్ట ముచ్చట

మంట దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, సలి బాగున్నది. మీ ముత్తాత పనిజేసిన ఇల్లెందు ముచ్చట అడిగిండ్రు గదా, చెప్త ఇనుండ్రి.

భద్రాచలం రాములోరి కాడికి నడిచిపోయేటోళ్లు అడవిల మూడు నల్లరాళ్లు పెట్టి పొయ్యి ముట్టిస్తే, కట్టెలతోపాటు రాళ్లు గూడ అంటుకున్నయట. బొగ్గు అట్ల బయటవడ్డదని ఆ దిక్కు ముసలోళ్లు చెప్తరు. కాయితాలల్ల అయితే 1871ల విలియం కింగ్ అనే దొర, భూమి లోపల ఏమున్నదో ఎతికే సర్కారు ఆఫీసరు, ఇల్లెందు కాడ బొగ్గున్నదని తేల్చిండు. తరతరాలుగ ఆ అడవిలనే బతికిన కోయోళ్లకు ఆ రాళ్ల సంగతి అంతకుముందే ఎరుక లేదంటే నేను నమ్మ.

1886ల ఇంగ్లండోళ్ల హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వుకునే హక్కు దొరికింది. 1889ల తవ్వుడు షురూ అయింది. నిజాం రైలు బెజవాడ దాకా పోయింది గూడ ఆ యేడే. డోర్నకల్ కాడ పెద్దలైను నుంచి ఒక పాయను ఇల్లెందు దిక్కు తిప్పిండ్రు. బొగ్గు లేకుంటే ఆ పట్టాలు లేవు, పట్టాలు లేకుంటే ఆ బొగ్గు అడవిలనే ఉండు. ఊరు అట్ల పుట్టింది. జనం దాన్ని బొగ్గుట్ట అన్నరు. 1920ల సింగరేణి కాలరీస్ అని కంపెనీకి పేరు పెట్టిండ్రు, 1945ల నిజాం సర్కారు దాన్ని చేతిలకు తీసుకున్నది.

మన మద్దూరు కాడ ఏమున్నది గప్పుడు? వానవడితే జొన్నలు, ఆముదాలు. పడకుంటే వలస. దానికి తోడు రజాకార్ల కాలం. పక్కనే బైరాన్‌పల్లిల 1948 ఆగస్టు 27 నాడు వందమంది దాకా చంపిండ్రు. ఆ ఊరి బురుజు మీరు చూసిండ్రు గదా. ఆ యేడు మా నాయిన పెండ్లాం పిల్లలను అత్తగారింట్ల విడిచి, జనగామ దాక నడిచిపోయి రైలెక్కిండు. డోర్నకల్‌ల బండి మారి ఇల్లెందుల దిగిండు. ఇల్లెందు గప్పుడు వరంగల్ జిల్లానే, 1953ల ఖమ్మం జిల్లా అయినంక అటు పోయింది.

బాయి అంటే మన చేన్ల బాయి లెక్క నిలువుగ ఉండదు. ఏటవాలుగ లోపటికి దిగుతది, ఇంక్లైన్ అంటరు. నాయిన ఫిల్లరు పని జేసిండు. సర్దార్ చూసి పొమ్మన్న జాగల మందువెట్టి పేలుస్తరు, పొగ పోయినంక వీళ్లు పోయి రాలిన బొగ్గును చెమ్మస్ అనే పారతోటి తట్టలకెత్తి టబ్బు నింపాలె. టబ్బు ఇంచుమించు టన్ను. నెత్తిమీద తట్ట, వంగిన నడుము, కాళ్లకింద నీళ్లు. ఎన్ని టబ్బులు నింపితే అంత కూలి.

కప్పు కూలకుంట నడుమ నడుమ బొగ్గునే స్తంభాల లెక్క విడుస్తరు. ఆఖరికి వెనక్కి వచ్చుకుంట ఆ స్తంభాలను గూడ తీస్తరు. అన్నిట్ల పెద్ద గండం అదే. కట్టె దిమ్మెలు నిలవెట్టి పనిజేస్తరు. బరువు పడ్డప్పుడు కట్టె చిటచిట అంటది. ఆ సప్పుడు ఇనంగనే తట్ట అక్కడ్నే పారేసి ఉరకాలె. నాయిన ఇంటికొచ్చినంక గూడ దూలం చిటుక్కుమంటే లేచి కూసునేటోడు. సైరన్ కూసే యాళగాకుంట కూసిందంటే గుడిసెలల్ల ఆడోళ్లంత బాయి మొగదాలకు ఉరికేటోళ్లు. ఎవలింటాయన అని అడుగుడే. చిన్నగున్నప్పుడు అవ్వతోటి అక్కడికి పోయినప్పుడు, ఆమె కొంగువట్టుకొని నేనుగూడ ఉరికిన.

ఆ బస్తీల కరీంనగర్ దిక్కోళ్లు, ఉత్తర దేశమోళ్లు, ఆంధ్రోళ్లు పక్కపక్క గుడిసెలల్ల ఉండిరి. కులం లేదని నేను అన, బస్తీలల్ల గూడ కులం ఉండె. కాని బాయిల అందరి మొఖం మసే, ఒగరు చిక్కుకుంటె ఇంకొగరు దిగి తీసుకరావాలె. ఆ ఐకమత్యంతోటే సంఘాలు పెట్టి కొట్లాడిండ్రు. 1975 నుంచి దేశమంత బొగ్గు కార్మికులకు ఒక్క వేతన ఒప్పందం అయినంక జీతాలు మంచిగైనయి. మన పడమటి చెలక ఆ పైసలతోటి కొన్నదే. కరువొచ్చిన యేండ్లల్ల ఈ ఇంట్ల పొయ్యి వెలిగింది గూడ మనియార్డర్ తోటే.

1937లనే కొత్తగూడెంల బాయిలు తెరిచిండ్రు, పెద్దాఫీసు గూడ అక్కడనే పడ్డది. ఇల్లెందుల ఒక్కొక్క బాయి మూస్తుంటె ఇనపతట్ట పని పోయి యంత్రాల ఓపెన్‌కాస్టులు వచ్చినయి. కంపెనీల 1990 చుట్టుపక్కల లక్షకు పైన మంది ఉంటే, గిప్పుడు నలభై వేల దరిదాపుల్లకు దిగిండ్రు. బొగ్గు గుంజుకపోయిన రైలు ఆ ఊరికి కొత్త పని మోసుకరాలే. నూటముప్పై యేండ్లకు పైన బొగ్గిచ్చిన ఊరికి ఒక కాలేజో, కార్ఖానో ఇచ్చి నిలవెట్టుడు కంపెనీ బాధ్యతేనని నేను ఎక్కడైనా గట్టిగ చెప్త. 2011ల తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెల గూడ ఆ కార్మికులే బొగ్గు ఆపి నిలవడ్డరు. గప్పుడు వాళ్లను నెత్తిన వెట్టుకున్నోళ్లు వాళ్ల బస్తీలను గూడ పట్టించుకోవాలె. మా నాయినతోటి పనిజేసినోళ్ల మనుమలు గిప్పుడు అదే బొగ్గు కాడ కాంట్రాక్టు లారీలు నడుపుతున్నరు, పర్మినెంటు కొలువు గాదు.