వ్యాధికి ముందే వచ్చిన భయం

పాఠకులారా, నాయుడుపేట నుండి శ్రీకాళహస్తికి పోయే దారి మీలో చాలామందికి పరిచితమే. ఆ శ్రీకాళహస్తి పక్కనున్న తొట్టంబేడు మండలంలో 2020 ఫిబ్రవరిలో సంభవించిన ఒక మరణాన్ని మన ప్రాంత ఆరోగ్యచరిత్ర మరువరాదు.

అప్పటికి దేశంలో నిర్ధారణ అయిన కరోనా కేసులు మూడే, మూడూ కేరళలోనివే. ఆంధ్రప్రదేశ్‌లో తొలి కేసు నెల్లూరులో మార్చి 12న బయటపడింది. అంతకు నెలరోజుల ముందే, తొట్టంబేడు మండలానికి చెందిన ఒక నడివయసు గృహస్థు అనారోగ్యంతో తిరుపతిలో వైద్యులకు చూపించుకున్నాడు. వారు చెప్పినది వేరే జబ్బు. అయితే మాస్కు ధరించమన్న సలహాకు, ఫోనులో చూసిన కరోనా వీడియోలు తోడై, తనకు సోకినది ఆ వ్యాధేనని అతడు నిశ్చయించుకున్నాడు. తనవల్ల కుటుంబానికి, ఊరికి ముప్పు రాకూడదని అందరినీ దూరం పెట్టి, చివరకు ప్రాణం తీసుకున్నాడు.

దీనిని అవివేకమని కొట్టివేయడం సులభం. కాని ఆయనను నడిపించినది తనవారిమీది మమకారం. వదంతికి వాహనం చాలాసార్లు అదే. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న సందేశాలను పంపినవారిలోనూ బిడ్డల క్షేమం కోరిన తల్లిదండ్రులెందరో ఉన్నారు. ఫలితంగా దేశంలో పలుచోట్ల అమాయకులు మూకదాడులలో హతులయ్యారు.

ఆనాడే తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి మరొక మార్గం చూపారు. పోలీసులు ఊరూరా తిరిగి, డప్పులతో, పాటలతో నిజం చెప్పారు. అనుమానం వస్తే ఎవరిని అడగాలో ప్రజలకు తెలిసింది. అదే ఏడాది జులైలో వాట్సాప్ మనదేశంలో ఫార్వర్డులను ఒక్కసారికి ఐదింటికి పరిమితం చేసింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే అనేకసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కరికే పంపగలిగేలా కట్టడి చేయగా, అటువంటి సందేశాల వ్యాప్తి డెబ్బై శాతం తగ్గిందని ఆ సంస్థ ప్రకటించింది.

ఈ రెండు అనుభవాలూ చెప్పేది ఒక్కటే: వదంతిని ఆపడానికి కాస్త జాప్యం కావాలి, అడిగేందుకు ఒక మనిషి కావాలి. కనుక ఆరోగ్యసందేశం ఏది వచ్చినా పంపేముందు ఆగండి. మీకు తెలిసిన వైద్యుణ్ణో, ఊరి ఆరోగ్య కార్యకర్తనో అడగండి. వైద్యులు ఇచ్చిన సలహా అర్థం కాకపోతే, ఎందుకని అక్కడే ప్రశ్నించండి. ఇంట్లో ఎవరైనా భయంతో ముడుచుకుపోతే ఒంటరిగా వదలకండి. మానసిక వేదనకు ప్రభుత్వ టెలిమానస్ సహాయవాణి 14416 రేయింబవళ్లు పలుకుతుంది.