అవ్వలు ముందే చెప్పిన పాఠం

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం. దానికి రెండు రోజుల ముందే తల్లిపాల వారోత్సవం ముగుస్తుంది. ఈ రెండింటినీ కలిపి ఒక మాట చెప్పుకుందాం.

మన మన్యంలో బిడ్డ నడక నేర్చినా, మాటలు వచ్చినా తల్లిపాలు మాన్పించేవారు కాదు. పోడుకైనా, సంతకైనా తల్లి బిడ్డను బట్టతో కట్టుకునే వెళ్ళేది. కాస్త ఎదిగాక చోడి అంబలి తోడయ్యేది. పాలు మాత్రం తల్లి మళ్ళీ నెల తప్పేదాకా సాగేవి. కాన్పుల మధ్య ఎడానికీ అదే సాయపడేది.

తర్వాత పాలడబ్బా, సీసా వచ్చాయి. అదే నాగరికత అన్నారు, మనది మోటుతనం అన్నారు. మంచినీళ్ళు లేనిచోట సీసాపాలతో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ పాలపొడి ప్రచారానికి కట్టడి నియమావళి తెచ్చింది. 1990లో ఇన్నోసెంటి ప్రకటన రెండేళ్ళు, ఆ పైన కూడా తల్లిపాలు ఇవ్వాలంది. 1992లో మన దేశం పాలపొడి, పాలసీసాల ప్రకటనలను నిషేధిస్తూ చట్టం చేసింది. మన అవ్వలు చేసినదాన్నే లోకం ఆలస్యంగా ఒప్పుకుంది.

అయినా మా హాస్టలుకు పెద్దకూతుర్ని చూడవచ్చిన తల్లి, చంకలోని రెండేళ్ళవాడు పాలకు ఏడిస్తే సిగ్గుపడి గోడచాటుకు వెళ్తోంది. మేము ఆమెకు వరండాలోనే కుర్చీ వేస్తున్నాం. మా ఆడపిల్లలు అది చూడాలి. ఈ చరిత్ర వాళ్ళ పుస్తకాల్లో లేదు.